గే బార్ సినిమా 1971లోనే వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

ఓటీటీలు వచ్చాకే స్వలింగ ప్రేమ కథలు మొదలయ్యాయన్నట్టు రాశారు మీ ఆదివారం సినిమా పేజీలో. 1971లోనే అమెరికాలో 'సమ్ ఆఫ్ మై బెస్ట్ ఫ్రెండ్స్ ఆర్...' అనే సినిమా వచ్చింది. దర్శకుడు మెర్విన్ నెల్సన్. కథంతా న్యూయార్క్‌లో బ్లూ జే అనే గే బార్‌లో, క్రిస్మస్ ముందు రాత్రి జరుగుతుంది. గొప్ప సినిమా అని నేననను. ఏడుపు పాలు ఎక్కువ, ఎవరిని కదిపినా తన ఖర్మ ఇంతేననే ధోరణి, మధ్యలో కట్టేద్దామా అనిపిస్తుంది కూడా.

కానీ ఆ బార్ నడిచే తీరు చూడండి. వెనక మాఫియా, పోలీసులకు మామూళ్లు, చివరికి ఒక కుర్రాడి తల్లికి ఫోన్ చేసి మీవాడు ఇక్కడున్నాడని చెప్పేస్తారు కూడా. మాఫియా సంగతి కల్పన కాదు. గేలు గుమిగూడితే బార్ లైసెన్సే ఊడే రోజులవి, అందుకే ఆ వ్యాపారం చాలావరకు మాఫియా చేతుల్లో ఉండేది. 1969 జూన్‌లో పోలీసులు దాడి చేస్తే జనం తిరగబడ్డ న్యూయార్క్ గే బార్ స్టోన్‌వాల్ ఇన్ కూడా మాఫియాదే. గ్లాసులు కడగడానికి కౌంటర్ వెనక కుళాయి కూడా లేదక్కడ.

ఈ సినిమాలో కాండీ డార్లింగ్ నటించింది. ఆమె నిజంగానే ట్రాన్స్ మహిళ. ఒకడు ఆమెతో హాయిగా డాన్స్ చేసి, సంగతి తెలిశాక బాత్రూమ్‌లో చితకబాదుతాడు. మగ నటుడికి చీర కట్టి నవ్వులు రాబట్టడం మన తెర మీద ఇప్పటికీ చూస్తున్నాం కదా.

క్లాసిక్ కాదని ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు. హిందీలో అదే 1971లో వచ్చిన, స్వలింగ ప్రేమ ఉన్న 'బద్నామ్ బస్తీ' ప్రింటు పోయిందనే ఏళ్ల తరబడి అనుకున్నారు, చివరికి 2019లో బెర్లిన్ ఆర్కైవ్‌లో దొరికింది. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'కి ఆ అదృష్టం కూడా లేదు.

మన ఫిల్మ్ క్లబ్బులు ఏటా అవే ఐదారు కళాఖండాలు తిప్పి తిప్పి వేసే బదులు, ఈ రెండు 1971 సినిమాలూ ఒకే సాయంత్రం పక్కపక్కన వేయొచ్చు. అలా వేస్తే మీ సినిమా పేజీలో నాలుగు లైన్ల ప్రకటన ఇవ్వండి, టికెట్ కొనుక్కునే వస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ