ప్రయోగం పిల్లల మాటల్లోనే రాయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా మనవరాలు నాలుగో తరగతి. మొన్న దాని నోటుపుస్తకం తిరగేస్తుంటే విత్తనాల ప్రయోగం కనిపించింది. 'కొన్ని పెసలు తీసుకొనవలెను. తగినంత నీరు పోయవలెను. మొలకెత్తుటకు నీరు, గాలి అవసరమని నిర్ధారించడమైనది.' కింద రైటు గుర్తు. "పెసలు ఎప్పుడు నానబోశారే?" అంటే, "నానబోయలేదు అమ్మమ్మా, బోర్డు మీది రాసుకున్నాం" అంది.

ఆ టీచరును తప్పు పట్టను. ఒక్కరే ఐదు తరగతులూ చూసుకునే బళ్లు మనకు బోలెడు. కానీ ఈ ఎక్కించుకునే అలవాటు పదో తరగతి దాకా వదలదు. గైడులోంచి దింపిన రికార్డులు ఏళ్ల తరబడి దిద్దాను. ప్రయోగం తేడా కొడితే ఎక్కడ కొట్టిందో ఆ పిల్లలు చెప్పలేకపోయేవారు. తాము చేసింది రాసుకుంటే కదా!

అందుకే ఇంట్లో పెసలు మొలకెత్తించి, చేసింది చేసినట్టు రాయమన్నాను. 'గ్లాసులో పెసలు వేసి నీళ్లు పోశాను. మొలకలొచ్చాయి' అని రాసింది. ఆ కాగితం దాని తమ్ముడికిచ్చి, చదివి అలాగే చెయ్యమన్నా. వాడు గ్లాసు నిండా నీళ్లు పోసి వదిలేశాడు. రెండో రోజుకి ఒకటే వాసన. "అన్ని నీళ్లు ఎందుకు పోశావురా?" అని ఇది, "ఎన్ని పోయాలో నువ్వు రాయలేదుగా!" అని వాడు. కాసేపు అలిగి, మళ్లీ పెన్సిలు తీసింది. 'పది పెసలు. రాత్రంతా నానబట్టాను. పొద్దున నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టాను. గుడ్డ ఆరినప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చల్లాను.' 'నానబట్టాను' అన్న తప్పు నేను దిద్దలేదు. తర్వాత దిద్దుకోవచ్చు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ నా విన్నపం ఇదే. ఒకటి, రెండు తరగతుల్లో నోటితో చెప్పించండి, బొమ్మలు గీయించండి. మూడో తరగతి నుంచి నాలుగేసి వాక్యాలు సొంతంగా రాయించండి, 'వలెను'లు లేకుండా. ఒకరు రాసింది చదివి ఇంకొకరు చేయగలిగితే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో దానికి మార్కులివ్వండి. ఏడాదికి రెండు ప్రయోగాలైనా చాలు. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి థర్మోకోల్ మోడళ్లు కొనిపించే బదులు, ఈ కాగితాలే గోడకు అంటించండి, కొట్టివేతలతో సహా.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి