ఆదివారం రెండు పోలిష్ సినిమాలు

సభ్యులకు నమస్కారం. ఆదివారం మూడింటికే మొదలుపెడదాం, రెండోది రెండున్నర గంటలు దాటుతుంది.

మొదటిది 1954 నాటి ‘మారియెన్‌స్టాట్‌లో సాహసం’, పోలండ్ తొలి రంగుల కథాచిత్రం. మారియెన్‌స్టాట్ అంటే రాజధాని వార్సాలో ఒక పేట. సినిమాలకు సోషలిస్టు వాస్తవికతే, అంటే కార్మికులనూ సోషలిస్టు నిర్మాణాన్నీ గొప్పగా చూపే అధికారిక శైలే, దారి అని 1949లో వీస్వా పట్టణంలో జరిగిన సదస్సు తేల్చేసింది. ఆ దారిలో వచ్చినదే ఇది. యుద్ధంలో నేలమట్టమైన వార్సాను తిరిగి కడుతుంటారు. పల్లెటూరి హాంకా తాపీ పట్టి మహిళా మేస్త్రీల బృందంలో చేరుతుంది. ఆడవాళ్లకు ఈ పనేమిటని చిటపటలాడే పెద్దమేస్త్రీ ఒకాయన ఉంటాడు. ప్రేమకథకు కూడా గోడ లేస్తేనే గతి! ప్రచారమే, కాదనను, పాటలు మాత్రం హుషారుగా ఉంటాయి.

రెండోది దర్శకుడు ఆంద్జేయ్ వాయ్దా తీసిన ‘పాలరాతి మనిషి’ (1977). స్క్రిప్టు 1960ల మొదట్లోనే సిద్ధమైనా అనుమతికి పదేళ్లకు పైగా పట్టింది. క్రాకోవ్ పక్కన ఉక్కు కర్మాగారంతో పాటు లేస్తున్న నోవా హూతా అనే కొత్త పట్టణంలో బిర్కుట్ అనే మేస్త్రీ కెమెరాల ముందు ఇటుకలు పేర్చి వీరుడవుతాడు. తర్వాత మరో ప్రదర్శనలో ఎవరో కాలే ఇటుక అందిస్తారు, చేతులు బొబ్బలెక్కుతాయి. పాతికేళ్ల తర్వాత ఆయన పాలరాతి విగ్రహం మ్యూజియం గోదాములో పడి ఉంటుంది. సినిమా విద్యార్థిని ఆగ్నీష్కా దాని మీద ఎక్కి కూర్చుని దొంగతనంగా చిత్రీకరిస్తుంది. ఆ కాలపు వార్తాచిత్రాలను అచ్చుగుద్దినట్టు వాయ్దా కొత్తగా తీసిన నలుపు తెలుపు ముక్కలను జాగ్రత్తగా గమనించండి. నా దృష్టిలో సినిమాకు ప్రాణం అవే.

మధ్యలో టీ ఉంటుంది. వచ్చేవాళ్లు శనివారంలోగా పేరు చెప్పండి.