కంచరపాలెంలో వసారా ఇచ్చిన ఆ ఇంటివారికి

దొరికారండీ!

నెల కిందట నేను రాసి పంపిన నాలుగు ముక్కలు చాలామంది చూసే ఉంటారు. "1965లో కంచరపాలెం రైల్వే గేటుకి దగ్గర్లో పెంకుటిల్లు. పెరట్లో నుయ్యి, పక్కన గన్నేరు చెట్టు. ఇంటాయన పోర్టులో గుమస్తా. ఇంటావిడ కాస్త కాలు ఈడ్చి నడిచేది. బర్మా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి వసారా ఇచ్చారు. వాళ్ల తాలూకు ఎవరైనా తెలిస్తే చెప్పండి." ఇంతకుమించి మా దగ్గర ఆనవాలు లేదు. ఇంటిపేరు కూడా తెలీదు. మా మామ్మకి ఆవిడ 'అమ్మగారు', అంతే. అరవయ్యేళ్ల కిందటి పెంకుటిల్లు, అదీ విశాఖపట్నంలో! దొరుకుతుందని నాకైతే ఆశ లేదు. మామ్మ పోరు పడలేక రాశాను.

ముందు ఆ రిటైరైన పోస్ట్‌మాన్ గారికి దండం పెట్టాలి. ఎనభై దాటిన మనిషి, మనవడి చేత నాకు ఫోన్ చేయించి, "గన్నేరు చెట్టున్న ఇళ్లు రెండుండేవమ్మా. కాలీడ్చే ఆవిడ మటుకు ఒక్కరే" అన్నారు. "ఆవిడకి మనియార్డర్లు రావు. ఆవిడే పంపేది, నెలనెలా, పలాసలో వాళ్లమ్మకి." అంతకంటే ఆధారం ఇంకేం కావాలి? ఇల్లు బిల్డరుకిచ్చేశాక వాళ్లు ఎటెళ్లారో చెప్పింది ఆ వీధి చివర టీకొట్టు బాబాయి. ఆ రెండు ముక్కలూ పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద గాజువాక వెళ్లి, మూడు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లని అడిగి నాలుగోదాంట్లో తలుపు తట్టిన అమ్మాయి ఒకతె ఉంది. పేరు రాయొద్దంది. నాకు ఆ అమ్మాయితో అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. మీ ముగ్గురికీ, ఆ సందేశాన్ని పదిమందికీ పంపిన ప్రతి ఒక్కరికీ మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.

ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు వెతికారని కొందరు అడిగారు. 2025 మార్చి 28న బర్మాలో భూకంపం వచ్చింది కదా, 7.7 తీవ్రతతో, మాండలే, సగాయిన్ ప్రాంతాలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి టీవీలో ఐరావతి మీద పాత అవా వంతెన నీళ్లలోకి ఒరిగిపోయి కనిపించింది. మామ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. పెళ్లయిన కొత్తలో, 1957లో, రైల్వేలో పనిచేసే మేనమామ ఇంటికి తాతతో కలిసి ఆ వంతెన మీదుగానే వెళ్లిందట. మాకెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి మొదలుపెట్టి నాలుగు రోజులు బర్మా తప్ప వేరే మాట లేదు. ఐదో రోజున, "ఒలే, గన్నేరు చెట్టు అమ్మగారికి మనం ఏటిచ్చాం? ఏటీ ఇవ్వలేదు" అంది.

మాది బర్మా క్యాంపు. క్యాంపు పేరు విశాఖలో అందరికీ తెలుసు, వెనక ఉన్న కథ ఈ తరంలో సగం మందికి తెలీదు. మా ముత్తాత ధాన్యం మిల్లుల్లో కూలికి రంగూన్ స్టీమరెక్కిన లక్షల మందిలో ఒకడు. గోదావరి మొగలోని కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు లక్షల మంది కొండలూ అడవులూ దాటి మణిపూర్ వైపు నడిచారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో. మామ్మ అప్పుడు నెలల పిల్ల. నడవలేమని మావాళ్లు ఆగిపోయారు. ఆగినందుకు ఇంకో ఇరవయ్యేళ్లు బతుకు గడిచింది. 1962లో నే విన్ మిలిటరీ రాజ్యం వచ్చింది, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసేశారు, అదే ఏడు యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. తాతకి ఉన్నవన్నీ వంద నోట్లే. రేవులో తనిఖీలో మామ్మ గాజులూ ముక్కుపుడకా తీయించేశారు.

స్టీమరు దిగేసరికి చేతిలో మిగిలింది ఒక మూట, ఐదేళ్ల మా నాన్న.

ఆనాటి కాగితాల్లో మమ్మల్ని 'కాందిశీకులు' అని రాసేవారు. ఇప్పుడు పత్రికలు శరణార్థులు అంటున్నాయి గానీ నాకు పాత మాటే ఇష్టం. 'కాం దిశం', ఏ దిక్కుకి పోను, అన్న ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. అక్కడ 'కలా' అని తిట్టారు, ఇక్కడ 'బర్మావోళ్లు' అన్నారు. రెండోది తిట్టో కాదో మామ్మ ఇప్పటికీ తేల్చుకోలేదు.

సర్కారువారు జాగా ఇచ్చేదాకా తల దాచుకోడానికి తాత ఇల్లిల్లూ అడుగుతూ ఆ గన్నేరు చెట్టు ఇంటికి వెళ్లాడు. అద్దె ఇప్పుడు ఇచ్చుకోలేనని ముందే చెప్పేశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి మామ్మ చంకలో మూట చూసింది.

"అందులో ఏటుందమ్మా?"

"తనఖా" అంది మామ్మ.

బర్మా ఆడవాళ్లు బుగ్గలకి పచ్చగా గంధంలా రాసుకునేది తనఖా. చెట్టు కొమ్మముక్కని రాతి మీద నీళ్లతో అరగదీసి రాసుకుంటారు. రేవులో తనిఖీవాళ్లు కట్టెముక్కే కదా అని వదిలేసింది అదొక్కటే. ఆవిడకి బర్మా తనఖా సంగతి ఏం తెలుస్తుంది? ఈ పిల్ల ఏదో తాకట్టు పెట్టి చోటు అడుగుతోందనుకుంది. మొహం చిన్నబుచ్చుకుని, "తనఖాలూ తాకట్లూ మా ఇంట లేవమ్మా. ఉన్నన్నాళ్లు ఉండండి" అని లోపలికెళ్లి చాప తెచ్చి వేసింది. ఆవిడకి కోపం ఎందుకొచ్చిందో మామ్మకి తెలిసింది నాలుగో రోజున, నూతి గట్టు మీద తనఖా అరగదీస్తూ దొరికిపోయినప్పుడు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారట.

ఏడు నెలలున్నారు అక్కడ.

ఆ ఏడు ఎలాంటిదో చెప్పాలి. 1965. వానల్లేవు, పాకిస్తాన్‌తో యుద్ధం, రేషను దుకాణం ముందు బారులు. సోమవారం రాత్రి పూట భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్నే అడిగిన కాలం. ఉన్న ఊరికే తిండి చాలనప్పుడు ఓడల్లో జనం దిగుతుంటే, వీళ్లని ఎందుకు దింపుకోవాలి అన్నవాళ్లు లేకపోలేదు. వాళ్లు రాక్షసులేం కాదు. కొళాయి దగ్గర బిందె వెనక్కి నెట్టినవాళ్లూ, పోర్టులో కూలి రేటు తగ్గించేస్తున్నారని మా తాతతో తగువు పడినవాళ్లూ, వాళ్లకి వాళ్ల లెక్క ఉంది. చుట్టుపక్కలవాళ్లు పెద్ద గొడవ చేసింది మాత్రం నాపి గురించి. ఊరబెట్టిన చేపల ముద్ద అది. ఇరుగుపొరుగు ముక్కు మూసుకుని అమ్మగారి దగ్గర పంచాయితీ పెట్టారు. ఎండుచేపలు కాల్చుకు తినే వీధిలో ఇదేం న్యాయమని మామ్మ ఇప్పటికీ అంటుంది. అమ్మగారు మాత్రం ఇరుగుపొరుగు మాటే చెల్లించింది. ఆ ఇంట్లో మళ్లీ నాపి ఉడకలేదు.

పోయిన ఆదివారం మామ్మని ఆటోలో గాజువాక తీసుకెళ్లాను. అమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. తలుపు తీసింది ఆవిడ కూతురు. అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల, ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడుతున్నారు. మామ్మ గుమ్మంలోనే, "పాపా" అని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ ఏడవలేదు. కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాసేపు చూసి అన్నారు:

"మీరొచ్చిన రోజు నుంచి వసారాలో నా నులకమంచం పోయింది పిన్నీ. దాని మీద మీ అబ్బాయి పడుకునేవాడు. నేను లోపల గదిలో ఉక్కపోతలో పడి ఉండేదాన్ని. ఏడు నెలలు. నన్నెవరూ అడగలేదు."

నవ్వుతూ అన్నారేమో అని మొహం చూశాను. లేదు. అరవయ్యేళ్లు దాచుకున్న మాట అది. వాళ్ల నాన్నగారు నెలరోజుల పాటు వాళ్లమ్మతో సరిగ్గా మాట్లాడలేదని కూడా ఆ రోజే తెలిసింది. "ముందు మన డబ్బాలో బియ్యం చూసుకో" అనేవారట. మాకు ఆ ఇంట్లో ఎదురుమాట ఉందని కూడా తెలీదు. అది మా చెవిన పడకుండా చూసుకుంది అమ్మగారు.

మామ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మంచం నీదని తెలీదే అమ్మా" అంది.

అందుకే ఈ కృతజ్ఞతల్లో పెద్ద వాటా ఆవిడకి. చోటిచ్చిన అమ్మగారిని తలుచుకోవడానికి మేం వెళ్లాం. మంచం పోగొట్టుకున్న పిల్ల సంగతి మా లెక్కలోనే లేదు. ఒక ఊరు పరాయివాళ్లని రానివ్వాలా వద్దా అని మాట్లాడుకునేటప్పుడు రమ్మనేది ఒకరు, జరిగి చోటిచ్చేది ఇంకొకరు. ఆ ఇంకొకరు గట్టిగా మాట్లాడితే మనసు లేనివాళ్లంటాం. అమ్మా, మీ మంచం మీద పడుకున్న ఆ అబ్బాయి మా నాన్న. క్యాంపులో జాగా వచ్చాక బడికెళ్లాడు, తర్వాత ఉద్యోగం చేశాడు, నన్ను చదివించాడు. మీ ఏడు నెలల ఉక్కపోతకి నేను ఏ రకంగా జమ వేయగలనో నాకు తెలీదు. ఉన్నది ఉన్నట్టు నలుగురి ముందు చెప్పడం ఒకటే చేతనయింది.

ఇంకో సంగతి కూడా ఉంది, మావాళ్లకి కోపమొచ్చినా రాస్తాను. నేనిప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. బాలాపూర్ వైపు వెళ్తే రొహింగ్యాల గుడిసెలు కనిపిస్తాయి. వాళ్లూ బర్మా నుంచి వచ్చినవాళ్లే, అరకాన్ నుంచి. వాళ్ల మాటొస్తే మా క్యాంపులోనే, మా బాబాయిలే, "పంపించెయ్యాలి" అంటారు. మనం వేరు, మనం సొంత దేశానికి తిరిగొచ్చాం అంటారు. నిజమే, చట్టంలో తేడా ఉంది. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. మాకు రేషను కార్డు, జాగా, అప్పు దొరికాయి. మాలాంటివాళ్ల కోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. వాళ్లకి అవేం లేవు. కాకపోతే నా గొడవ వేరే. సర్కారు ఆ జాగా ఇవ్వకపోతే అమ్మగారి మంచితనం ఎన్నాళ్లు ఆగేది? ఏడు నెలలు పద్నాలుగైతే, ఆ పిల్ల మంచం గురించి గుమస్తాగారు నోరు తెరిచేవారు, తెరవడంలో తప్పూ ఉండేది కాదు. వసారా ఇవ్వగలిగింది మనుషులు. వసారాలోంచి దింపి ఇల్లు చూపించాల్సింది సర్కారు. బాలాపూర్ వీధుల్లో నీళ్ల కోసం తగువు పడేవాళ్లని నేను తిట్టను. గుడిసెల్లో ఉన్నవాళ్లనీ పొమ్మనలేను. మా నాన్న ఎవరి మంచం మీద పెరిగాడో తెలిశాక ఆ మాట నా నోట రాదు.

భూకంపం తర్వాత క్యాంపులో కుర్రాళ్లు చందాలు వేస్తుంటే ఒక పెద్దాయన, "తరిమేసినోళ్లకి మనమెందుకియ్యాల?" అన్నారట. మామ్మ పింఛను డబ్బుల్లోంచి ఐదు వందలు తీసి, "తరిమింది మిలిట్రీవోడు. మా పక్కింటి బర్మా ఆవిడ స్టీమరు దాకా వచ్చి ఏడ్చింది" అని ఆ కుర్రాళ్ల చేతిలో పెట్టింది. ఆ పెద్దాయన ఇచ్చారో లేదో అడగలేదు.

గాజువాక నుంచి బయల్దేరేముందు మామ్మ కొంగులోంచి ఒక చిన్న కట్టెముక్క తీసింది. ఆ పాత తనఖా ఎప్పుడో అరిగిపోయింది, ఇది మణిపూర్ నుంచి ఎవరో తెచ్చిపెట్టింది. గంధపుసాన మీద నాలుగు చుక్కల నీళ్లేసి తీసి ఆవిడ రెండు బుగ్గలకీ రాసింది. ఆవిడ అద్దంలో చూసుకుని అప్పుడు నవ్వారు. "మా అమ్మ చచ్చేదాకా చెప్పి నవ్వేది ఈ తనఖా గురించి" అన్నారు.

వచ్చే ఆదివారం వాళ్లు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మామ్మ మొహింగా, అదే బర్మావాళ్ల చేపల పులుసులో సేమ్యా, చేస్తానంటోంది, అరటిదూట కూడా చెప్పి పెట్టింది. నాపి వెయ్యాలా వద్దా కనుక్కోమంటే ఫోన్ చేశాను.

"వెయ్యమనమ్మా" అన్నారు ఆవిడ. "కిటికీలు మాత్రం తీసిపెట్టమను."