పరుగు ఆగిన కుక్కకు కాస్త చోటు

సంపాదకులకు నమస్కారం.

పశువుల ఆసుపత్రుల్లో ముప్పై మూడేళ్లు సహాయకుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఈ ఉత్తరం వేటకుక్కల గురించి రాస్తున్నాను. వేరుశనగ ఇంటికి చేరి చేలు ఖాళీ అయ్యే రోజుల్లో మన అనంతపురం జిల్లా ఊళ్ల బయట సన్న నడుము, పొడుగు కాళ్ల కుక్కలు కుంటుతూ తిరగడం చాలామంది చూసే ఉంటారు. అవి వీధికుక్కలు కావు. కుందేలును తరమడానికి పెంచి, కాలు చెడగానే వదిలేసినవి.

గుంతకల్లు వైపు పనిచేస్తున్నప్పుడు ఒకాయన గోధుమ రంగు ముధోళ్ జాతి వేటకుక్కను మోటారు సైకిలు మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సర్కారు తుమ్మ కంపలో పడి ముందరి కాలు చీలిపోయింది, ఎముక కూడా విరిగింది. డాక్టరు గారు కట్టు కట్టినంతసేపూ అది కిక్కురుమనలేదు. ఆయన అడిగింది ఒకటే మాట: "మళ్లీ పరుగెత్తుతుందా?" నడుస్తుంది గానీ వేటకు పనికిరాదని డాక్టరు గారు చెప్పారు. బీడీ తెచ్చుకుంటానని బయటికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. కుక్క వేపచెట్టుకు కట్టేసి ఉంది.

వారం రోజులు ఆ ఆవరణలోనే ఉంది. మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తే చాలు, లేచి గేటు దాకా కుంటుకుంటూ వెళ్లేది. బండి దాటిపోయాక అక్కడే కూలబడేది. మార్గశిరపు చలి. ఈ జాతికి చర్మం పలుచన, దాని కింద కొవ్వు పెద్దగా ఉండదు. ఆ సంగతి తెలిసి కూడా నేను రోజూ సాయంత్రం ఒక గోనెసంచి పరిచి ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. ఎనిమిదో రోజు పొద్దున వచ్చేసరికి ఆ గోనె మీదే బిగుసుకుపోయి ఉంది. నాతో తీసుకెళ్లి ఉండవలసింది. తీసుకెళ్లలేదు. ఆ ముల్లు ఇప్పటికీ నా గుండెలోంచి రాలేదు.

గత ఏడాది మే నెలలో మా అమ్మాయిని చూడటానికి న్యూజిలాండ్ వెళ్లాను. పందెం మానిన గ్రేహౌండ్‌ను తెచ్చుకున్నామని అంతకుముందే ఫోనులో చెప్పింది. మన తెలుగువాళ్లకు గ్రేహౌండ్స్ అంటే 1989లో ఏర్పడిన పోలీసు దళమే గుర్తుకొస్తుంది. ఆ దళానికి పెట్టిన పేరు ఈ కుక్కదే. గంటకు అరవై కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. కొన్ని దేశాల్లో గుండ్రటి బాట మీద కరెంటుతో నడిచే కుందేలు బొమ్మను ముందు వదిలి, దాని వెనక కుక్కలను పరుగెత్తించి పందేలు కాస్తారు. అలాంటి బాట మొట్టమొదట 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్లో వెలిసింది. ఒక్కో పందెం అర నిమిషం. నాలుగైదేళ్లు రాగానే కుక్క పని అయిపోతుంది. ఆయుస్సు చూస్తే పన్నెండేళ్ల దాకా ఉంటుంది. మిగిలిన ఆ ఏళ్లు ఎవరి దగ్గర బతకాలి? చాలా కాలం పాటు ఎన్నో కుక్కలకు సూదిమందుతో ప్రాణం తీయడమే దీనికి జవాబుగా ఉండేది.

మా అమ్మాయి ఇంట్లోది నల్లటి ఆడకుక్క. చెవి లోపల పచ్చబొట్టు అక్షరాలున్నాయి, తొడల వెనుక వెంట్రుకలు రాలిపోయి చర్మం మెరుస్తోంది. అలవాటు కొద్దీ కాళ్లు తడిమి చూశాను. కుడి వెనుక కాలి మడమ దగ్గర, విరిగి అతికిన ఎముక బొడిపెలా చేతికి తగిలింది. పందెపు బాటలో కుక్కలు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి కాబట్టి మలుపుల్లో భారమంతా ఆ కీలు మీదే పడుతుంది. మా అమ్మాయి దానికి మల్లి అని పేరు పెట్టుకుంది. పుట్టినప్పటి నుంచి కొట్టంలో, బాట మీద తప్ప ఎక్కడా ఉండని మల్లికి మెట్లంటే ఏమిటో తెలియదు. కింద నిలబడి వణికేది. నేను పక్కన కూర్చుని ఒక్కో పాదం ఎత్తి మెట్టు మీద పెట్టేవాణ్ణి. మూడు మెట్లు ఎక్కడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు పొద్దున నేను కాఫీ తాగుతుంటే తనంతట తానే పైకి వచ్చి నా మోకాలికి తల ఆనించింది. ఆ బరువు తగలగానే నాకు గోనెసంచి మీది కుక్క కళ్ల ముందు మెదిలింది.

న్యూజిలాండ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో కుక్కల పందేలను పూర్తిగా ఆపేస్తామని ప్రకటించింది. దాదాపు 2,900 కుక్కలకు ఇళ్లు వెతకాలని అప్పుడే లెక్క చెప్పింది. మకావులో 2018లో పందెపు బాట మూతపడినప్పుడు అయిదు వందలకు పైగా కుక్కలు మిగిలిపోతే, ఎక్కడెక్కడి దేశాల కుటుంబాలో వాటిని తీసుకున్నాయి. పందెం ఆగిన మర్నాడు కుక్క ఎక్కడ పడుకుంటుందని వాళ్లు అడిగారు. మన దగ్గర ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేరు.

కుందేలు వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది అలాగే ఉండాలి, వేట ఆగాలి. కానీ కేసు భయంతో చాలామంది దెబ్బతిన్న కుక్కను ఆసుపత్రికి తేకుండా రాత్రిపూట ఊరవతల వదిలేసి వస్తున్నారు. తిండీ నీళ్లూ దొరక్క బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కూడా నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలు! ఆ జరిమానాకు ఎవరు జంకుతారు?

అందుకే పశుసంవర్ధక శాఖ వారికి నా విన్నపం. వేటకుక్కను వదులుకోదలచినవాళ్లు దగ్గరి పశువుల ఆసుపత్రిలో దాన్ని అప్పగించే ఏర్పాటు చేయండి. అప్పగించడానికి వచ్చినవాణ్ణి నిలదీసి వెనక్కి పంపకండి, ముందు కుక్కకు గాయం కట్టండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసేటప్పుడు ఈ జాతికి థయోపెంటోన్ మత్తు మామూలు కుక్కల కంటే చాలాసేపు వదలదని కొత్తగా చేరే సిబ్బందికి చెప్పండి. సంపాదకులను కోరేది ఒక్కటే. ఆదివారం నాడు జిల్లా పేజీలో నాలుగు వరుసల చోటు ఇవ్వండి. ఫలానా ఊళ్లో ఫలానా కుక్కకు ఇల్లు కావాలని రాస్తే చాలు.

తెచ్చుకోవాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. నేను తిరిగి వచ్చాక కూడేరు దారిలో దొరికిన ఒక కుక్కను ఇంటికి తెచ్చాను. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ జాతిదే, కళ్ల చుట్టూ నలుపు ఉందని మా ఆవిడ కాటుక అని పిలుస్తుంది. రాగి సంగటి, మజ్జిగ, వారానికి రెండు గుడ్లు తింటుంది. రోజులో ముప్పాతిక భాగం నిద్రే. కళ్లు సగం తెరిచి నిద్రపోతుంది కాబట్టి పిల్లలు మీద చేయి వేయకుండా ముందు పేరు పెట్టి పిలవాలి. మొరగడం అరుదు, కాపలాకు పనికిరాదు. కోళ్లు, పిల్లులు, మేకపిల్లలు ఉన్న ఇంట్లో మాత్రం నమ్మి వదలకూడదు. బయట గొలుసు విప్పకూడదు, ఒకసారి పరుగు అందుకుంటే మన కేక దాని చెవికి ఎక్కదు. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపించవద్దు. అంతకు మించి అది కోరేది మెత్తటి పక్క ఒక్కటే. ఎముకలు నేలకు ఒత్తుకుని పుండ్లు పడతాయి.

కాటుక ఇప్పుడు వరండాలో పడమటి మూల పడుకుంటుంది. తూర్పు మూల ఖాళీగా ఉంది. పాత దుప్పటి ఒకటి ఉతికి ఆరేశాను. ఎవరైనా తమ కుక్కను వదిలేయాలనుకుంటే, రోడ్డు మీద కాకుండా నా దగ్గర వదలమని ఈ ఉత్తరం ద్వారా చెబుతున్నాను.

ఇట్లు
విశ్రాంత పశువైద్య సహాయకుడు,
అనంతపురం