సంక్రాంతి తర్వాత మా దగ్గర బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు వేయించుకున్నవాళ్ళకి

మా షాపుకి ఏళ్ళ తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

2025 సంక్రాంతి తర్వాత నుంచి శ్రీరామనవమి లోపు మా దగ్గర కాటన్ పేపరు మీద వేయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి రంగు తిరుగుతోంది. తెల్లగా ఉండాల్సిన చోట పలచటి ఊదా ఛాయ కనిపిస్తోంది. కొంతమంది ఫోన్ చేసి చెప్పారు, కొంతమంది ఇంకా గమనించి ఉండరు. గమనించినా గమనించకపోయినా ఆ రోజుల్లో వేసిన ప్రతి ఫోటో మళ్ళీ వేసి ఇస్తాను. పైసా తీసుకోను. ఎందుకిలా అయిందో, ఇకమీదట ఏ ఇంకుతో వేయబోతున్నానో ఆ నోటా ఈ నోటా మీదాకా రాకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను.

మొదట ఫోన్ చేసింది మన విజయవాడ సింగ్‌నగర్ అమ్మాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళు వాళ్ళింట్లోకి వచ్చినప్పుడు ఆల్బమ్ మొత్తం నాని, ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముఖం మిగిలిన ఒక్క ఫోటోని స్కాన్ చేసి, తీరిగ్గా రిటచింగ్ చేసి, వాళ్ళ తాతగారిని మళ్ళీ గోడ మీదకి తెచ్చాం. "బాబాయ్, తాతయ్య పంచె వంకాయ రంగులోకి వస్తోంది, ఒకసారి వచ్చి చూస్తారా" అంది. వెళ్ళి చూశాను. జుట్టు, మీసం, నల్లకోటు చెక్కుచెదరలేదు. పంచె మడతల్లో, నుదుటి మీద, వెనకాల గోడ మీద మాత్రం ఆ ఛాయ ఉంది.

దీని సంగతి అర్థం కావాలంటే మా మిషన్ గురించి ఒక్క మాట చెప్పాలి. మామూలు ఫోటో ప్రింటర్లు బ్లాక్ అండ్ వైట్ వేసేటప్పుడు నలుపుతో పాటు సియాన్, మెజెంటా, పసుపు కూడా కొద్దికొద్దిగా కలుపుతాయి. మా పెద్ద మిషన్‌లో రంగులే లేవు. ఇంకు పోసే ఏడు చోట్లా కార్బన్ పిగ్మెంటు (నీళ్ళలో కరగని మెత్తటి మసి పొడి) నలుపే, ఒకటి చిక్కటిది, మిగతావి వరసగా పలచబడుతూ పోయే గ్రేలు. జుట్టు, కోటు లాంటివి చిక్కటి ఇంకుతో పడతాయి. నుదురు, పంచె, ఆకాశం లాంటివి బాగా పలచటి గ్రేతో పడతాయి. తాళపత్రాల గీతల్లో రుద్దిన దీపం మసి ఇవాళ్టికీ నల్లగా ఉందంటే అది కార్బన్ గుణమే. ఎండకి, గాలికి అది రంగు మారదు. పెద్దవాళ్ళ ఫోటోలకి ఈ ఇంకే వాడాలని మొదటి నుంచీ పట్టుబట్టింది అందుకే.

అలాంటిది ఊదా ఎక్కడి నుంచి వస్తుంది? ముందు పేపరు చూశాను. మరింత తెల్లగా కనిపించడానికి బ్రైటెనర్లు కలిపిన పేపరైతే కొన్నాళ్ళకి పచ్చబడుతుంది, ఊదాకి తిరగదు. పైగా మేం వాడేది బ్రైటెనర్లు లేని కాటన్. నాజిల్ చెక్, అంటే ప్రింటర్ హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే గీతల ప్రింటు, వేస్తే ఒక్క గీత కూడా తెగలేదు. హెడ్ అలైన్‌మెంట్ సరిగ్గానే ఉంది. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ వేస్తే, వేసిన రోజు అది కూడా బాగానే ఉంది. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. నాజిల్ చెక్ బాగుంటే ఇంకు బాగున్నట్టు కాదు. ఇంకు కారుతోందా లేదా అన్నదే అది చెబుతుంది, కారుతున్నది ఏమిటో చెప్పదు.

దాంతో ఏడు ఇంకుల్నీ విడివిడిగా, ఒక్కోదానికి ఒక్కో పట్టీ చొప్పున వేశాను. ట్యూబ్‌లైటు కింద ఏడూ ఒకేలా ఉన్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఆరు అలాగే ఉన్నాయి, ఏడోది, అన్నిటికన్నా పలచటిది, ఊదాకి తిరిగింది. వెలుతురు మారితే రంగు మారుతోందంటే అందులో ఒకటికి మించి రంగులు కలిసి ఉండొచ్చని అనుమానం వచ్చింది. ఆరిన పట్టీల మీద ఒక్కో నీటి చుక్క వేశాను. ఆరు కదల్లేదు, ఏడోది కరిగి పాకింది. చివరికి ఆ ఏడో ఇంకు పాత సీసాలోదీ, కొత్త సీసాలోదీ విడివిడిగా ఫిల్టర్ పేపరు (వడపోత కాగితం) మీద చుక్క వేసి, మధ్యలో నీళ్ళు పోశాను. పాత బ్యాచ్ సీసాది బూడిద మచ్చగానే ఆగిపోయింది. కొత్త బ్యాచ్‌ది నీలం, ఊదా, గోధుమ చుట్లుగా విడిపోయింది. అది కార్బన్ కాదు, పిగ్మెంటే కాదు. వేరువేరు రంగులు కలిపి గ్రేగా కనిపించేలా చేసిన డై, అంటే నీళ్ళలో కరిగే రంగు. అందులో ఏ రంగు ముందు వెలిసిపోతే ఫోటో దాని ఎదుటి రంగు వైపు తిరుగుతుంది. కాటన్ పేపరు మీద డై ఇంకు, అది కూడా కిటికీ ఎదుట వేలాడితే, ఇలాగే అవుతుంది.

ఇక సప్లయరు సంగతి. పేరు రాయను. ఆ సీసాలు సీలుతో వచ్చాయి, లేబుల్ మీద కార్బన్ పిగ్మెంటు అని ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, నా దగ్గర బిల్లు ఉంది. ఆ మనిషి దగ్గర నేను కొత్తగా కొంటున్నవాణ్ణి కాను. ఫోన్ చేస్తే మొదట అన్నమాట, "విజయవాడ ఎండలకి మీ హెడ్ ఎండిపోయి ఉంటుంది సార్." ఎండకి హెడ్ ఎండితే నాజిళ్ళు మూసుకుపోతాయి, గీతలు తెగుతాయి, ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. నీళ్ళు పోస్తే కరిగే రంగు రాదు. మా ప్రింటింగ్ గదిలో ఏసీ ఉంది, తేమ చూసే మీటరు గోడకే ఉంది. ఆ మాట చెప్తే "పేపరు కోటింగ్ తేడా అయి ఉంటుంది" అన్నాడు. అదే పేపరు మీద మిగతా ఆరు ఇంకులు ఎందుకు నిలబడ్డాయని అడిగితే జవాబు లేదు. ఫిల్టర్ పేపరు ఫోటో పంపించాక చాలాసేపటికి, "ఎక్కడో ఒకటి రెండు సీసాలు మారినట్టున్నాయి, వేరేవి పంపిస్తాను, ఈసారి తగ్గించి వేస్తాను" అన్నాడు.

తగ్గింపు! నీళ్ళల్లో అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు ఇది ఒక్కటైనా మిగిలిందని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళిన ఫోటోలవి. నాకు ఒళ్ళు మండింది. క్షమించమన్న మాట ఆ నోట్లోంచి ఇప్పటికీ రాలేదు. పంపిస్తానన్న సీసాలు వద్దన్నాను. ఆ గుమ్మం ఇక తొక్కను, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. అక్కడ కొనే స్టూడియోవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. కొత్త సీసా తెరిచినప్పుడల్లా ఆ ఫిల్టర్ పేపరు పరీక్ష చేసుకోమని తెలిసినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాను. రెండు రూపాయల కాగితంతో అయ్యే పని.

తోటి వ్యాపారస్తులు కొంతమంది నాకూ సలహాలు ఇచ్చారు. "అడిగినవాళ్ళకి మార్చి ఇవ్వండి, అందరికీ మీరే ఎందుకు చెప్పుకుంటారు" అన్నారు. అలా చేస్తే ఇంట్లో ఫోటో వెలుస్తుంటే అది కాలం వల్లే అనుకుని ఊరుకునే మామ్మగారికి అన్యాయం జరుగుతుంది. ఇంకొకాయన ల్యాబుకి పంపి కలర్ ఫోటోలు వేసే పేపరు మీద వేయించి ఇచ్చేయమన్నాడు, చవకలో అయిపోతుందని. కలర్ పేపరు మీద బ్లాక్ అండ్ వైట్ వేస్తే ఏదో ఒక రంగు వైపు వాలకుండా ఉండటం కష్టం. ఆ పని నేను చెయ్యను.

నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది వేరే. మళ్ళీ వేసేది ఏ ఇంకుతో?

కార్బన్ గ్రేలే మళ్ళీ తెప్పిస్తే మీరు ఇష్టపడ్డ ఆ కొంచెం మట్టి ఛాయ, పాత ఫోటోకి ఉండే ఆ నిండుతనం అలాగే వస్తుంది. మా షాపుకి ఉన్న పేరు ఆ ఛాయ వల్లే. గుంటూరు నుంచి, తెనాలి నుంచి వెతుక్కుంటూ వచ్చేది దాని కోసమే. కానీ ఆ సీసాలు మన దాకా రావాలంటే మధ్యలో చేతులు మారాలి. ప్రతి బ్యాచ్ పరీక్షించి వాడొచ్చు, నిజమే. పరీక్షలో పోయిన బ్యాచ్ వెనక్కి పంపి, ఇంకోటి వచ్చేదాకా మీరు ఎదురుచూడాలి. డై పారిన గొట్టాలు, డ్యాంపర్లు (హెడ్‌కి ముందు ఇంకు ఆగే చిన్న డబ్బీలు) కడిగితే సరిపోతుందా, హెడ్‌లో ఏమైనా గడ్డకట్టిందా అన్నది తేలడానికి కూడా టైము పడుతుంది. రెండు రకాల ఇంకులు కలిసిన చోట ఏం జరుగుతుందో చెప్పలేం.

రెండో దారి, మా చిన్న మిషన్‌లో ప్రింటర్ కంపెనీ ఒరిజినల్ కార్ట్రిడ్జులతో వేయడం. ఇవి కూడా పిగ్మెంటే. మూడు అంచెల నలుపులు ఉంటాయి, బ్లాక్ అండ్ వైట్ కోసం ప్రత్యేకంగా సెట్టింగు ఉంటుంది. ఛాయ సరిచేయడానికి అది రంగు ఇంకుల్ని చిటికెడు కలుపుతుంది. విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ లాంటి సంస్థలు ఈ తరహా ఇంకుల్ని వెలుతురు కింద పెట్టి పరీక్షించి, అద్దం వెనక ఎన్ని దశాబ్దాలు నిలుస్తాయో లెక్కలు ఇస్తాయి. ఆయుష్షుకి భయం లేదు. కానీ ఏళ్ళ తరబడి "మా దగ్గర రంగు ఇంకు చుక్క పడదు" అని చెప్పినవాణ్ణి నేను. ఆ మాట ఇప్పుడు పక్కన పెట్టడం నాకు చాలా కష్టంగా ఉంది. ఆ చిన్న మిషన్ ముందు కూర్చుని రెండు ఇంకుల ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఎన్ని రాత్రులు గడిపానో ఇంట్లోవాళ్ళకి తెలుసు.

చివరికి రెండో దారే తీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ వేసే ఫోటోలన్నీ ఒరిజినల్ కార్ట్రిడ్జులతోనే. అందులోనూ ఒక నిర్ణయం ఉంది. సెట్టింగులో వార్మ్ వైపు జరిపితే పాత మట్టి ఛాయకి దగ్గరగా తీసుకురావచ్చు. జరిపిన కొద్దీ పసుపు, మెజెంటా ఎక్కువ పడతాయి. రంగు ఎంత తక్కువ ఉంటే తర్వాత తిరగడానికి అంత తక్కువ ఉంటుంది. అందుకని ఏ రంగు వైపూ వాలని న్యూట్రల్‌కి దగ్గరగానే ఉంచాను. పాత ప్రింటు పక్కన పెడితే కొత్తది కొంచెం ఉక్కు రంగుగా అనిపిస్తుంది. "ఇంతకుముందులా లేదేంటి" అని మీలో కొందరు అంటారని తెలుసు. అయినా మార్చను.

దీనివల్ల ఇంకో ఇబ్బంది ఉంది. తాతగారు, నాయనమ్మగారు పక్కపక్కన గోడ మీద ఉంటే, ఒకరిది పాత ఇంకు, ఒకరిది కొత్త ఇంకు అయితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి జంట ఫోటోల్లో ఒక్కటే పాడైనా రెండూ మళ్ళీ వేసి ఇస్తాను.

కార్బన్ మిషన్ అమ్మను. కడిగి, క్లీనింగ్ ద్రవం నింపి ఉంచాను. పరీక్షలో నిలబడ్డ ఇంకు దొరికి, దాంతో వేసిన ప్రింటు కిటికీ ఎదుట ఒక వేసవి మొత్తం నిలిచాకే మళ్ళీ మొదలుపెడతాను. ఈలోపు ఎవరు ఎంత ఇస్తామన్నా ఆ మిషన్ మీద ఆర్డరు తీసుకోను.

ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని ఫోటోలు వేసుకునే కుర్రాళ్ళు కొంతమంది నన్ను అడుగుతూ ఉంటారు కాబట్టి వాళ్ళకో మాట. చారలు పడితే వెంటనే హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టకండి. ఇంకు మొత్తం వేస్ట్ ట్యాంకులోకి పోతుంది. ఒకసారి కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున నాజిల్ చెక్ చూడండి. వారానికోసారి ఏదో ఒకటి ప్రింటు వేస్తూ ఉంటే సగం బాధలు రావు. సీసాలతో ఇంకు నింపుకునేవాళ్ళు పోసే ముందు సీసాని మెల్లగా తలకిందులు చేసి తిప్పండి, పిగ్మెంటు అడుగున పేరుకుంటుంది. గట్టిగా ఊపితే గాలి బుడగలు చేరి మళ్ళీ చారలే.

మీ ఫోటో ఆ బ్యాచ్‌దో కాదో తెలుసుకోవాలంటే ఫ్రేము వెనక అట్ట తీయండి. ప్రతి ప్రింటు వెనకాలా పెన్సిలుతో తేదీ రాసి ఉంటుంది. నీళ్ళ చుక్క పరీక్ష మాత్రం దయచేసి ఫోటో మీద చెయ్యకండి. రసీదు లేకపోయినా ఫర్వాలేదు, స్కాన్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ముందు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వరద ఇళ్ళవాళ్ళవి వేస్తాను. అసలు ఫోటో మిగలనిది వాళ్ళకే. ఆ తర్వాత మిగతావి, తెచ్చిన వరసలో. ఇవన్నీ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు, ఆగగలిగితే పాత ధరకే వేస్తాను. ఒరిజినల్ కార్ట్రిడ్జుల ఖర్చు ఎక్కువ కాబట్టి కొత్త ఆర్డర్లకి 8×12 సైజు ధర 650 రూపాయల నుంచి 800కి పెరుగుతుంది. ఫ్రేము ధర మారదు.

గవర్నర్‌పేట షాపులో పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా ఉంటాను, ఆదివారం మధ్యాహ్నం దాకా. పెద్దవాళ్ళు రాలేకపోతే ఫోన్ చెయ్యండి, మా అబ్బాయి ఇంటికి వచ్చి తీసుకెళ్తాడు. ఫోటోని ఫ్రేముతోనే పంపండి. అద్దానికి అతుక్కున్నట్టు అనిపిస్తే మీరు లాగకండి, మేం తీస్తాం.