లెట్రోజోల్ బిళ్ల మానకుండా నన్ను నిలిపిన నలుగురికి కృతజ్ఞతలు

న్యూజెర్సీలో ఉంటున్న నేను రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ పూర్తి చేసుకున్నాను. ఆ తరువాత రోజూ వేసుకోవలసిన ఒక చిన్న బిళ్ల తెచ్చిన కీళ్ల నొప్పుల ముందు ఇంచుమించు ఓడిపోయాను. ఆ సమయంలో నన్ను ఆదుకున్న నలుగురికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. వారిలో ఇద్దరు పేర్లు వద్దని కోరినందున ఎవరి పేరూ రాయడం లేదు.

నాది హార్మోన్ల ఆసరాతో పెరిగే రకం క్యాన్సర్. ముట్లు ఆగిపోయిన తరువాత కూడా కొవ్వు మొదలైన కణజాలాల్లో అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది కాబట్టి, దాన్ని అడ్డుకునే లెట్రోజోల్ బిళ్లను కనీసం 5 సంవత్సరాలు వేసుకోవాలని చెప్పారు. నాలుగో నెల నుంచి పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి మూసుకునేది కాదు. చీర కుచ్చిళ్లు పెట్టుకోలేకపోయేదాన్ని, పెరుగు డబ్బా మూత తీయలేకపోయేదాన్ని, మెట్లు దిగాలంటే గోడ పట్టుకొని ఒక్కొక్క మెట్టూ దిగేదాన్ని. అప్పట్లో చూపించుకున్న ఒక వైద్యుడు, ప్రాణం దక్కింది కదా, ఈ మాత్రం నొప్పి ఓర్చుకోవాలి అన్నారు. ఆ మాట విన్న తరువాత నొప్పి గురించి ఎవరికీ చెప్పుకోవడం మానేశాను. తొమ్మిది రోజులు ఇంట్లో వాళ్లకు కూడా తెలియకుండా బిళ్ల వేసుకోలేదు.

ఆ సంగతిని బయటకు రప్పించినది ఇప్పుడు నేను వెళ్తున్న ఆసుపత్రిలోని క్యాన్సర్ విభాగపు నర్సు. ఆమె నన్ను కోప్పడలేదు. నా రెండు చేతులూ పట్టుకొని ఒక్కొక్క వేలూ మెల్లగా వంచి చూసి, ఈ బిళ్లలు వాడే స్త్రీలలో ఇంచుమించు సగం మందికి కీళ్ల నొప్పులు వస్తాయనీ, వాటి వల్లనే చాలామంది మందు మధ్యలో ఆపేస్తారనీ చెప్పి, అప్పటికప్పుడు డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లారు. అమ్మా, ఆ రోజు మీరు అడగకపోతే నేను ఆ బిళ్ల మళ్లీ ముట్టుకునేదాన్ని కాదు.

డాక్టరుగారు బిళ్ల మార్చడం, వ్యాయామం, డులోక్సెటిన్ అనే మందు, ఆక్యుపంక్చర్ అనే సూదుల వైద్యం, అన్నిటి మంచిచెడ్డలూ ఓపికగా వివరించారు. సూదుల వైద్యం మీద నాకు నమ్మకం లేదని చెప్పినప్పుడు, 2018లో జామా వైద్యపత్రికలో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనను ముందు పెట్టారు. ఇవే బిళ్లలు వాడుతూ కీళ్ల నొప్పులతో బాధపడుతున్న 226 మంది స్త్రీలలో కొందరికి నిజమైన ఆక్యుపంక్చర్, కొందరికి ఉత్తుత్తి సూదులు వేసి, మరికొందరిని ఏ సూదులూ వేయకుండా వేచి ఉండమన్నారట. 6 వారాలకు పదింట లెక్కించే నొప్పి మొదటివారిలో సుమారు 2 పాయింట్లు, మిగిలిన రెండు బృందాల్లోనూ సుమారు 1 పాయింటు తగ్గింది. తేడా చిన్నదేననీ, కొందరికి అసలు పనిచేయకపోవచ్చనీ ఆయన దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ వల్లనే నేను ఒప్పుకున్నాను.

ఆ అధ్యయనంలో లాగానే నాకూ మొదటి 6 వారాలు వారానికి రెండుసార్లు, తరువాతి 6 వారాలు వారానికి ఒకసారి, మొత్తం 18 సార్లు సూదులు వేశారు. వేసిన చైనా దేశపు పెద్దావిడ రాష్ట్ర లైసెన్సు ఉన్నవారు. ప్రతిసారీ కొత్త సూదుల పొట్లం నా ఎదుటే విప్పేవారు. చంకలో లింఫు గ్రంథులు తీసేసిన నా ఎడమ చేతికి, వాపు వస్తుందేమోనని, ఆ వేళ్లు ఎంత నొప్పిగా ఉన్నా, ఒక్క సూది కూడా వేయలేదు. కుడి చేయి, కాళ్లు, చెవులు మాత్రమే. సూది దిగినప్పుడు చీమ కుట్టినట్టు, ఆపైన ఆ చోట బరువుగా ఉండేది. ఇన్సూరెన్సు వారు డబ్బు చెల్లించబోమన్నారని తెలిసి, చివరి ఆరుసార్లకు ఆమె సగం రుసుమే తీసుకున్నారు. ఏడు దగ్గర ఉన్న నా నొప్పి ఆరో వారానికి నాలుగుకు దిగింది. పూర్తిగా పోలేదు, కానీ బిళ్ల వేసుకుంటూ బతకగలిగినంత తగ్గింది.

ఇదే బాధ పడుతున్న అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ఈ సూదులు క్యాన్సర్‌ను నయం చేయవు, బిళ్ల స్థానంలో పనికిరావు. మీ క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి, ముఖ్యంగా రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు.

చివరిగా మా వీధిలోని గుంటూరు అక్కయ్యగారికి. స్టీరింగు పట్టుకోలేని నన్ను పద్దెనిమిదిసార్లూ కారులో తీసుకువెళ్లి, నేను సూదులతో పడుకున్నంతసేపూ బయట కూర్చున్నారు. తిరుగుదారిలో అన్నం డబ్బా చేతిలో పెట్టారు. అక్కయ్యగారూ, మీ స్టీలు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న వేయించిన మినప్పిండిలో బెల్లం, నెయ్యి కలిపి, కుడి పిడికిట్లో అదిమి పదకొండు సున్నుండలు చుట్టగలిగాను. ఆదివారం ఆ డబ్బాలోనే పెట్టి తెస్తాను.