మేలో కావాల్సిన నాగలి జులైలో పంపితే ఎలా మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది విశాఖపట్నం జిల్లా, భీమిలి డివిజన్. ఎర్ర గరువుల్లో మొక్కజొన్న, నువ్వు, కంది, కాస్త కూరగాయలు పండించుకునే మెట్ట రైతులం. నేల అడుగున బిగిసిన గట్టి పొరను పగలగొట్టే లోతు నాగలి, అదే సబ్‌సాయిలర్, కావాలని సోమవారం అర్జీల్లో ఎన్నిసార్లు కాగితం పెట్టామో మీ కంప్యూటర్లలోనే ఉంటుంది. ప్రతిసారీ ఫోనుకు ఒకటే మెసేజ్, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో చెప్పే నాథుడు లేడు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాయాల్సి వస్తోంది.

అద్దె యంత్రాల పథకం గురించి మీకు తెలియంది లేదు. మా దగ్గరున్న అద్దె కేంద్రంలో తిరిగే కత్తులతో మట్టిని నలగ్గొట్టే రోటావేటర్లున్నాయి, తొమ్మిది గొర్రుల కల్టివేటర్లున్నాయి, మందు కొట్టే పంపులున్నాయి. ఎడ్లు పోయాక వాటితోనే మా సేద్యం నడుస్తోంది, కాదనను. కానీ అన్నీ పైపైన దున్నేవే. జానెడు దాటి లోపలికి పోయే పనిముట్టు ఒక్కటీ లేదు. మా చేలకు జబ్బు ఆ జానెడు కిందే ఉంది.

గట్టి వాన పడ్డ మర్నాడు మా చేలోకి రండి. ఇనుప చువ్వ ఇస్తాను, మీరే గుచ్చి చూడండి. జానెడు వరకు ఒక్క చేత్తో దిగుతుంది. అక్కడ టక్కున ఆగుతుంది. రెండు చేతులా బరువేసినా చువ్వ వంగుతుందే గానీ దిగదు. పక్కనే గునపంతో తవ్వితే పైన బురద, దాని కింద నాలుగు వేళ్ల మందాన పెచ్చులు పెచ్చులుగా విడిపోయే గట్టి పొర, దాని కింద పొడి మట్టి. రాత్రంతా కురిసిన వాన తర్వాత కూడా పొడి మట్టే! కంది మొక్క పీకి చూస్తే తల్లివేరు ఆ పొర దాకా నిటారుగా దిగి, అక్కడ దారి లేక పక్కకు తిరిగి పాకి ఉంటుంది.

ఇది దేవుడిచ్చిన నేల గుణం కాదండి. ఏళ్ల తరబడి అదే లోతులో రోటావేటర్ తిప్పితే, ఆ లోతులో కత్తులు కొట్టి కొట్టి, పైనుంచి ట్రాక్టర్ చక్రాల బరువు పడి పడి అడుగు బిగుసుకుపోయింది. పైన మట్టి మరీ మెత్తగా నలిగి, తొలకరి చినుకులకే పేరుకుని చెక్కు కడుతోంది. పైన చెక్కు, కింద గట్టి పొర. ఇంక వాన నీరు ఏ దారిన దిగాలి?

లెక్క చూడండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4,000 లీటర్ల నీరు. అల్పపీడనం పట్టి ఒక రాత్రి 50 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరాకు 2 లక్షల లీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వాన లేక కాదు మా పంట ఎండుతున్నది. కురిసింది కురిసినట్టు పై మట్టిని వెంటబెట్టుకుని గెడ్డలోకి, గెడ్డలోంచి గోస్తని నదిలోకి, అక్కడినుంచి భీమిలి దగ్గర సముద్రంలోకి పోతోంది. తర్వాత పది పన్నెండు రోజులు వాన మొహం చాటేస్తే చాలు, మిట్టమధ్యాహ్నానికి మొక్కజొన్న ఆకులు చుట్టుకుపోతాయి. కండె కట్టే వేళ అలా జరిగితే ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవడమే. కరువని రాద్దామంటే వర్షపాతం లెక్కల్లో మాది కరువు కాదు.

నైర వ్యవసాయ కళాశాలలో చదివే మా ఊరి కుర్రాడు సెలవులకొచ్చినప్పుడు ఒక మాట చెప్పాడు. మట్టిలో సన్న రంధ్రం వెడల్పు రెట్టింపైతే, దాంట్లోంచి పారే నీరు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుందట. గట్టి పొరలో అక్కడక్కడా నాలుగు పగుళ్లు పడినా నీటికి ఎంత తేడానో అప్పుడు అర్థమైంది. సబ్‌సాయిలర్ చేసేది ఆ పనే కదా. మట్టిని తిరగెయ్యదు, కింది మట్టిని పైకి తేదు. అడుగున్నర లోతున ఇనుప కాలు వెళ్తూ నాలుగైదు అడుగులకో చాలు చొప్పున ఆ పొరను పగలగొడుతుంది. వాలుకు అడ్డంగా వేస్తే పారే నీరు ప్రతి చాలు దగ్గరా కాస్త ఆగి లోపలికి దిగుతుంది.

పక్క ఊళ్లో ఒకాయన బయటినుంచి అద్దెకు తెప్పించుకుని మే ఎండల్లో తన ఎకరంన్నరలో వేయించుకున్నాడు. ఆ పంటకాలంలో మేం రెండు వైపులా తెరిచిన నూనె డబ్బాను ఆయన చేలో ఓసారి, మా చేలో ఓసారి దిగ్గొట్టి అన్నే నీళ్లు పోసి చూశాం. ఆయన చేలో మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఇంకిపోయాయి. మా చేలో టీ తాగి తిరిగొచ్చినా డబ్బాలో నీళ్లు నిలబడే ఉన్నాయి. చేను గట్టు ఒకటే, నేల రంగు ఒకటే.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. పోయినేడు మా మొర ఆలకించి సబ్‌సాయిలర్ పంపారు. ఎప్పుడు పంపారు? జులైలో! అప్పటికి వారంగా ముసురు పట్టి చేలన్నీ నానిపోయి ఉన్నాయి. అయ్యా, తడి నేలలో వద్దు, వచ్చే వేసవి దాకా ఇక్కడే ఉంచండి అని చేతులు జోడించాం. నెలాఖరులోపు ప్రదర్శన పూర్తి చేయాలి, పై నుంచి టెన్షన్ అన్నారు వచ్చిన అధికారులు. దాన్ని లాగడానికి తెచ్చింది చిన్న ట్రాక్టరు. ఆ ఇనుప కాలు లోతుకు దిగాలంటే కనీసం 45, 50 హార్స్‌పవర్ కావాలి. ఈ బండి అడుగు లోతుకు దించగానే చక్రాలు ఉన్నచోటే తిరిగి చేలో గుంటలు పెట్టాయి. ఆ చక్రాలు తొక్కిన చోట నేల ఇంకా బిగిసింది. చాలు గోడలు చూస్తే తడి మట్టి మెత్తి నున్నగా మెరుస్తున్నాయి. పగులు అన్న మాటే లేదు. ఫొటోలు దిగారు, సంతకాలు తీసుకున్నారు, యంత్రాన్ని ఎక్కించుకుని పోయారు.

ఈ వేసవిలో మళ్లీ అడిగితే వచ్చిన జవాబు విని నోట మాట రాలేదు. మీ నేలల్లో సబ్‌సాయిలర్ వల్ల ప్రయోజనం కనిపించలేదని రిపోర్టు ఉందట. అందుకే ఇండెంట్‌లోంచి, అంటే తెప్పించాల్సిన యంత్రాల జాబితాలోంచి, తీసేశారట. నేల పొడిగా ఉంటేనే పొర పగులుతుందని, తడిలో కోసినట్టు గీత పడుతుందే తప్ప లాభం లేదని వ్యవసాయం చదివిన ఎవరినడిగినా చెబుతారు. వేయకూడని రోజున వేసి, లాగలేని బండితో లాగించి, తప్పంతా మా నేల మీదా ఆ పనిముట్టు మీదా వేస్తే న్యాయమేనా? ఆ ఒక్క కాగితం మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అడ్డం పడింది.

ఊరికే యంత్రాల మోజుతో అడుగుతున్నామని అనుకోకండి. దాని హద్దులు మాకు తెలుసు. వరి మడిలో వద్దు. దమ్ము చేసి కావాలనే అడుగు గట్టిపరిచిన చోట దాన్ని పగలగొడితే మడిలో నీళ్లు నిలవవు. గట్టి పొర లేని ఇసుక నేలలో డీజిల్ దండగ. వేశాక మళ్లీ ప్రతి పంటకూ రోటావేటర్ తిప్పితే ఒకట్రెండేళ్లలో పగుళ్లు మూసుకుపోతాయి. పశువుల ఎరువు వేసుకోవాలి, జనుమో జీలుగో చల్లి కలియదున్నాలి. ఆ పనులు మేం చేసుకుంటాం. మూడేళ్లకోసారి వేస్తే చాలు కాబట్టి ఊరికొకటి కూడా అక్కర్లేదు, నాలుగైదు ఊళ్లకు ఒకటి చాలు. రోటావేటర్ కంటే దీని ధర చాలా తక్కువ. అయినా రైతు ఎవరికి వారు కొనలేడు, ఎందుకంటే దాన్ని లాగే పెద్ద ట్రాక్టరు మాలో చాలామందికి లేదు. ఇక కౌలు రైతు సంగతి అడగనే వద్దు. వచ్చే ఏడు ఆ చేను తనకుంటుందో లేదో తెలియనివాడు లోతు దుక్కికి సొంత డబ్బు ఎలా పెడతాడు?

నీటి కుంటలు తవ్వుకోమంటున్నారు. తవ్వుకున్నాం. మంచిదే. కానీ కుంట తనలోకి చేరిన నీటినే దాస్తుంది. ఎకరాలకు ఎకరాలు చేలోనే నీరు దాచుకునే దారి ఉండగా దాన్నెందుకు వదిలేస్తున్నారు? విశాఖ అనగానే మీకు బీచ్ రోడ్డు, కంపెనీలే గుర్తొస్తాయేమో గానీ, ఇక్కడ ఇంకా లేఅవుట్‌లు పడని చేలున్నాయి. వాటిని అమ్ముకోకుండా దున్నుకుందామనుకునే మనుషులున్నారు. ఇంకో రెండు పంటలు ఇలాగే పోతే వాళ్లు కూడా రాళ్లు పాతించేస్తారు.

దయచేసి ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టించండి. అనకాపల్లి పరిశోధన స్థానం వాళ్లను పంపండి, చువ్వ గుచ్చి చూడమనండి, ఏ చేలకు అవసరమో వాళ్లనే తేల్చమనండి. సబ్‌సాయిలర్‌నీ, దాన్ని లాగే ట్రాక్టర్‌నీ కలిపి పంపండి. ఏప్రిల్‌లో బయల్దేరదీసి మే మొదటి వారానికి మా ఊళ్లలో ఉండేలా ఆర్డరు ఇవ్వండి. తొలకరి పడ్డాక మాత్రం పంపకండి. ఈ లేఖకు కూడా పరిష్కరించబడింది అనే మెసేజ్ పంపించకండి. ఎవరైనా ఒక అధికారి మా చేను గట్టు మీదకు వచ్చి, అవునో కాదో మా మొహం చూసి చెబితే అంతే చాలు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న మెట్ట రైతు,
భీమిలి డివిజన్, విశాఖపట్నం జిల్లా.